డబ్లిన్ నగరము నేర్పిన పాఠము

ప్రయాణ సాధనములు సక్రమముగా నడచుచున్నంత కాలము వాని విలువ ఎవరికిని తెలియదు. అవి ఒక్కనాడు నిలిచిపోయినచో ఆ కష్టము ప్రతి యింటిని తాకును. నూజివీడు, ముసునూరు ప్రాంతముల మామిడి రైతులకు ఈ సంగతి బాగుగా తెలియును. వేసవిలో చెట్టునుండి కోసిన కాయ ఎవరి కొరకును ఆగదు. అది సకాలమున బండి యెక్కవలెను. బండి ఊరు దాటవలెను. రైలైనను, లారీయైనను దానిని దూరపు పట్టణమునకు చేర్చవలెను. నడుమ ఏ ఒక్క చోట చక్రము నిలిచినను, ఏడాది పొడుగున తోటను కాచిన రైతు కష్టము బూడిదలో పోసిన పన్నీరగును.

కావున చక్రమును నడపువాని చేతిలో గొప్ప శక్తి కలదు. వానికి అన్యాయము జరిగినపుడు ఆ చక్రమును ఆపుటకు వానికి హక్కు కలదా? ఆపినచో కలుగు బాధను భరింపవలసినవారెవరు? ఆపకుండగనే న్యాయము పొందు మార్గము లేదా? జీవితమంతయు ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన తెలుగువారొకరు కలరు. ఆయన వరాహగిరి వెంకటగిరి. వి.వి. గిరి యను పేరుతో ప్రసిద్ధికెక్కి, భారతదేశమునకు నాలుగవ రాష్ట్రపతియైన ఆయనకు ఈ ప్రశ్నలు మొదట ఎదురైనది మన దేశమున కాదు. సముద్రముల కావల, ఐర్లండు దేశపు రాజధానియగు డబ్లిన్ నగరమున.

గిరి 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము నేడు ఒడిశా రాష్ట్రమున నున్నది. ఆనాడు అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెంది యుండెను. తెలుగువారును, ఒడియావారును అచ్చట ఇరుగుపొరుగున కలసి మెలసి జీవించుచుండిరి. తండ్రి జోగయ్య పంతులు పేరుగల న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్న దేశభక్తుడు. తల్లి సుభద్రమ్మ సాహసముగల యిల్లాలు. తరువాతి కాలమున శాసనోల్లంఘనోద్యమమున మద్యనిషేధము కొరకు పనిచేసి ఆమె కారాగారమునకు సైతము వెళ్లినది. ఇట్టి యింట పెరిగిన బాలునికి దేశాభిమానము ఉగ్గుపాలతోనే అబ్బెననుటలో వింత లేదు.

బరంపురమునందలి ఖల్లికోట కళాశాలలో చదివిన పిమ్మట గిరి న్యాయశాస్త్రము అభ్యసింపగోరి 1913లో ఐర్లండు దేశమునకు వెళ్లిరి. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేండ్లు. డబ్లిన్ నగరమునందలి యూనివర్సిటీ కళాశాలలోను, బారిష్టర్లకు శిక్షణ నిచ్చు కింగ్స్ ఇన్స్ అను సంస్థలోను ఆయన చదువు సాగినది. ఆనాడు ఐర్లండును భారతదేశము వలెనే ఆంగ్లేయుల పాలనలో నుండెను. స్వపరిపాలన కొరకు ఐరిష్ ప్రజలు ఆందోళన సలుపుచుండిరి. పరాధీనమైన ఒక దేశమునుండి వెళ్లిన యువకుడు పరాధీనమైన మరియొక దేశమున అడుగిడెను.

డబ్లిన్ బయటికి అందమైన నగరము. లిఫీ నది దాని నడుమగా ప్రవహించును. విశాలమైన వీథులలో విద్యుచ్ఛక్తితో నడచు ట్రాము బండ్లు తిరుగుచుండెను. కాని ఆ వీథుల వెనుక సందులలోని జీవితము వేరు. ఒకప్పుడు ధనవంతులు కట్టుకొన్న పెద్ద మేడలు పాతబడి, గదికొక్క కుటుంబము చొప్పున పేదలకు అద్దె కీయబడి యుండెను. నగరమున సుమారు 20,000 కుటుంబములు ఒక్కొక్క గదిలోనే వంట, నిద్ర, కాన్పు, జబ్బు అన్నియు గడుపుకొనుచుండెను. రేవులో మూటలు మోయువారికి పని దొరకిన నాడు కూడు. దొరకని నాడు పస్తు.

ఈ పేదలను కూడగట్టిన నాయకుడు జేమ్స్ లార్కిన్. 1909 ప్రారంభమున ఆయన ఐరిష్ రవాణా, సామాన్య కార్మికుల సంఘమును నడపసాగెను. రేవుకూలీలు, బండ్లు తోలువారు మొదలైన నైపుణ్యము లేని కూలీలు మున్నెన్నడును లేని విధముగ ఈ సంఘమున చేరిరి. మేధావియు, రచయితయునగు జేమ్స్ కానలీ ఆయనకు తోడుగా నిలిచెను. వారికి ఎదురు నిలిచినవాడు విలియం మార్టిన్ మర్ఫీ యను వర్తక ప్రముఖుడు. నగరపు ట్రాముల కంపెనీకి అధిపతి ఆయనయే. ఒక ప్రముఖ దినపత్రిక, ఒక పెద్ద దుకాణము, ఒక గొప్ప హోటలు కూడ ఆయన చేతిలో నుండెను. తన కంపెనీలలో పనిచేయువారు లార్కిన్ సంఘమున చేరరాదని ఆయన శాసించి, చేరినవారని తెలిసిన వారిని పనినుండి తొలగించెను.

1913 ఆగస్టు 26వ తేదీ ఉదయము, నగరమున అశ్వప్రదర్శన జరుగుచు వీథులు క్రిక్కిరిసియున్న సమయమున, ట్రాము కార్మికులు పలువురు తమ బండ్లను నడివీథిలోనే నిలిపి దిగిపోయిరి. ఇట్లు సమ్మె ఆరంభమయ్యెను. కంపెనీ వేరు మనుష్యులతో బండ్లను నడపించెను. కోపోద్రిక్తులైన జనులు ఆ బండ్లపై రాళ్లు రువ్విరి. పోలీసులు లాఠీలతో విరుచుకుపడిరి. ఆ దెబ్బలకు ఇద్దరు కార్మికులు ప్రాణములు గోల్పోయిరి.

ఆగస్టు 31 ఆదివారము. లార్కిన్ సభ జరుపరాదని ప్రభుత్వము నిషేధించి యుండెను. అయినను ఆయన మారువేషము ధరించి, గడ్డము తగిలించుకొని, మర్ఫీకి చెందిన హోటలులోనికే ప్రవేశించి, దాని వసారా నుండి ప్రజలకు కనబడి మాటలాడెను. తక్షణమే ఆయనను నిర్బంధించిరి. పిదప పోలీసులు వీథిలోని జనముపై బడి, సమ్మె చేయువారిని, ప్రార్థనాలయములనుండి యిండ్లకు మరలుచున్నవారిని, దారిన పోవువారిని విచక్షణ లేక బాదిరి. వందలకొలది మంది గాయపడిరి. ఐరిష్ చరిత్రలో ఆ దినము రక్తసిక్తమైన ఆదివారముగ నిలిచిపోయినది.

మరి రెండు దినములకు చర్చి వీథిలో పేదలు నివసించు పాత యిండ్లు కూలి ఏడుగురు మరణించిరి. పేదల బ్రతుకు ఎంత ప్రమాదమున నున్నదో ఆ శిథిలములు లోకమునకు చాటినవి. అయినను యజమానుల మనస్సు కరగలేదు. మర్ఫీ నాయకత్వమున వారందరును ఏకమై, లార్కిన్ సంఘముతో సంబంధము పెట్టుకొనమని వ్రాసి యిచ్చినవారికే పని యిత్తుమని కట్టుబాటు చేసికొనిరి. ఆ సంఘమున చేరనివారు సైతము అట్టి పత్రముపై చేవ్రాలు చేయుట తమ మానమునకు భంగమని నిరాకరించిరి. సెప్టెంబరు ముగియునప్పటికి 20,000 మందికి పైగా కార్మికులకు పని మూతబడినది. వారి నాశ్రయించిన ఆలుబిడ్డలను గూడ లెక్కించినచో నగర జనాభాలో పెద్ద భాగము ఆకలికి గురియైనది.

ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము రాజీకి దారి చూపగా, యజమానులు దానిని త్రోసిపుచ్చిరి. ఇంగ్లండులోని కార్మిక సంఘములు ఆహారపదార్థములతో ఓడను పంపినవి. కార్మిక సంఘ భవనమున వంటశాల తెరచి స్త్రీలు పిల్లలకు గంజి పోసిరి. కాని చలికాలము గడచుకొలది ధైర్యము సన్నగిల్లినది. ఇంగ్లండు సంఘములు డబ్బు నిచ్చినవే కాని, సానుభూతితో తామును సమ్మెకు దిగుటకు సమ్మతింపలేదు. సమ్మెను భంగపరచుటకు వచ్చిన ఒకని తుపాకి గుండు తగిలిన పదునారేండ్ల బాలిక 1914 ఆరంభమున మరణించినది. ఆ సంవత్సరము జనవరి, ఫిబ్రవరి మాసములలో కార్మికులు దొరికిన షరతులకు తలయొగ్గి ఒక్కొక్కరుగ పనిలోనికి మరలిరి. పోరాటము ఓటమితో ముగిసినది.

గిరి ఐర్లండు చేరిన సంవత్సరమే ఈ సంవత్సరము. ఆ పోరాటపు వేడి చల్లారని నగరముననే ఆయన విద్యార్థిజీవితము గడచినది. న్యాయశాస్త్ర గ్రంథములలో లేని విషయములను అచ్చటి వీథులు ఆయనకు బోధించినవి. ఒంటరియైన కూలివాడు గడ్డిపరక వంటివాడు. అట్టివారు పదిమంది చేరినచో మోకువలె పేనుకొని యేనుగునైనను బంధింపగలరు. ఇది ఆయన నేర్చిన మొదటి పాఠము. మోకు ఎంత గట్టిదైనను ఆకలి దానిని కొరికివేయగలదు. పట్టుదలకు పట్టుదలయే మందు అనుకొన్నచోట తుదకు నలిగిపోవునది పసిపిల్లలు. ఇది రెండవ పాఠము. మొదటి పాఠము ఎందరో నేర్చిరి. రెండింటిని కలిపి నేర్చుకొనుటయే గిరి విశిష్టత.

ఓడిపోయిన సంఘము నశింపకపోవుటయు గమనింపదగినది. 1914లో లార్కిన్ అమెరికాకు వెళ్లగా కానలీ ఆ సంఘభారమును వహించెను. పోలీసుల దాడులనుండి కార్మికులను కాపాడుటకు 1913 నవంబరులో ఏర్పడిన పౌరసేన, తరువాత ఐర్లండు స్వాతంత్ర్య సమరమున పాల్గొనినది. 1920 నాటికి సంఘ సభ్యులు లక్షకు మించిరి. పని చేయువాని హక్కును, దేశపు స్వేచ్ఛను వేరు చేసి చూడరాదని గిరి అచ్చటనే గ్రహించిరి.

ఆయన చూచుచు ఊరకున్నవారు కారు. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుచున్న అవమానములను తెలుపు కరపత్రమును తోడి విద్యార్థులతో కలసి ప్రకటించిరి. దానిపై పోలీసుల కన్ను పడినది. మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమైన పిమ్మట లండనుకు వెళ్లి గాంధీజీని సందర్శించిరి. కళాశాలలో సాహిత్యము బోధించు థామస్ మెక్‌డోనా అను కవితో ఆయనకు పరిచయము కలిగినది. ఆ మెక్‌డోనా, కానలీ మొదలైనవారు 1916 ఏప్రిల్ మాసమున ఈస్టరు పండుగ సమయమున ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగుబాటు లేవదీసిరి. తిరుగుబాటు అణచివేయబడినది. మే నెలలో వారిద్దరిని ప్రభుత్వము కాల్చి చంపినది. భారతీయ విద్యార్థుల గదులను సైతము పోలీసులు సోదా చేసిరి. ఐర్లండు విడిచి పొమ్మని గిరికి ఆజ్ఞ అందినది. ఆ జూన్ మాసముననే బారిష్టరు పట్టమును పొంది ఆయన స్వదేశమునకు తిరిగి వచ్చిరి.

స్వదేశమున గిరి న్యాయవాద వృత్తి నవలంబించి, కాంగ్రెసులోను, అనిబిసెంటు నడపుచున్న స్వపరిపాలనోద్యమములోను పాల్గొనిరి. 1920లో గాంధీజీ పిలుపు నందుకొని వృత్తిని త్యజించిరి. 1922లో మద్యపు దుకాణములకు వ్యతిరేకముగ ప్రదర్శన జరిపి చెరసాలకు వెళ్లిరి. అయితే ఆయన హృదయము డబ్లిన్ వీథులను మరువలేదు. ఆనాడు కలకత్తానుండి వాల్తేరు వరకు సాగు రైలుమార్గము బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ మార్గము ఆయన పుట్టిన బరంపురము మీదుగనే పోవును. ఆ కంపెనీ కర్మాగారమున్న ఖరగ్‌పూరుకు గంజాం, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగువారు పెక్కుమంది పొట్ట చేత పట్టుకొని వలస వెళ్లి, అచ్చట పనిచేయుచుండిరి. గిరి ఆ రైల్వే కార్మికుల సంఘమును నిర్మించిరి. దేశమందలి రైల్వే సంఘముల నన్నింటిని ఏకము చేసిన అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య స్థాపకులలో ఒకరై, పదియేండ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగ పనిచేసిరి. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైరి. కార్మిక సంఘములకు చట్టబద్ధమైన గుర్తింపు నిచ్చు శాసనము మన దేశమున వెలువడినదియు ఆ సంవత్సరముననే.

1927-28 సంవత్సరములలో ఆ పాఠమును పరీక్షించుకొను సమయము వచ్చినది. బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ తన కార్మికులను పెద్ద సంఖ్యలో పనినుండి తొలగింపగా ఆందోళన చెలరేగినది. డబ్లినులో వలెనే ఇచ్చటను ఒక వైపు ధనబలముగల కంపెనీ, దానికి అండగా పరప్రభుత్వము. మరియొక వైపు దినకూలితో బ్రతుకు సంసారములు. రాయి విసరుట సులభము. విసరిన మరుక్షణము లాఠీలకు, తుపాకులకు సాకు దొరకును. న్యాయము కార్మికులదైనను నింద వారిపై పడును. గిరి నాయకత్వమున కార్మికులు అహింసా మార్గమున సమ్మె నడపిరి. చివరకు ప్రభుత్వమును, కంపెనీయును దిగివచ్చి వారి కోర్కెలను అంగీకరింపవలసి వచ్చినది. భారత కార్మికోద్యమ చరిత్రలో ఈ సమ్మె ఒక మైలురాయిగ పేర్కొనబడుచున్నది. లార్కిన్‌కు దక్కని విజయము ఆయన పోరాటమును చూచి నేర్చిన విద్యార్థికి దక్కినది.

కార్మికుల ప్రతినిధిగ గిరి 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకును, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమునకును హాజరైరి. మద్రాసు శాసనసభ ఎన్నికలలో బొబ్బిలి రాజాపై పోటీచేసి గెలిచి, 1937లో రాజాజీ మంత్రివర్గమున కార్మిక శాఖను నిర్వహించిరి. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గమునను ఆ శాఖయే ఆయనది. నడుమ క్విట్ ఇండియా రోజులలో చెరసాల జీవితము. స్వాతంత్ర్యానంతరము సింహళమున భారత హైకమిషనరుగ 1951 వరకు పనిచేసిరి. 1952లో పాతపట్నము నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికై, కేంద్ర ప్రభుత్వమున కార్మిక మంత్రియైరి.

మంత్రిపదవిలో ఆయన ప్రతిపాదించిన విధానమునకు గిరి మార్గమని పేరు వచ్చినది. యజమానికిని, కార్మికునికిని తగవు వచ్చినపుడు ప్రభుత్వము వెంటనే న్యాయస్థానపు తీర్పును వారిపై రుద్దరాదని ఆయన అభిప్రాయము. తీర్పు ఒకరిని గెలిపించి మరియొకరిని ఓడించును. ఓడినవాడు పగను మనసున దాచుకొని మరల అదను కొరకు కాచుకొనును. ఇరువురును ఎదురెదురుగ కూర్చుండి, లెక్కలు విప్పి చూచుకొని, తామే యొక ఒప్పందమునకు వచ్చినచో అది నిలుచును. అందులకు కార్మికసంఘము బలమైనదై యుండవలెను. యజమాని దానిని గుర్తింపవలెను. సమ్మె చిట్టచివరి ఆయుధము కావలెను. పెక్కుమంది ఈ విధానము అప్పటికి ఆచరణయోగ్యము కాదనిరి. కార్మికసంఘములు ఇంకను బలహీనముగ నున్నవనియు, ప్రభుత్వపు అండ లేనిచో యజమానుల ముందు నిలువలేవనియు వారి వాదము. అందును కొంత నిజము లేకపోలేదు. గిరి మాత్రము తన నమ్మకమును విడువలేదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతభత్యములను గూర్చి న్యాయాధికార సంఘము ఇచ్చిన తీర్పును కేంద్రప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు మార్చినది. తీర్పులకంటె ఒప్పందమే మేలని నమ్మినవారైనను, వెలువడిన తీర్పును ప్రభుత్వమే మన్నింపకపోవుట ధర్మము కాదని గిరి తలచిరి. తోడి మంత్రులు అంగీకరింపనందున ఆయన పదవికి రాజీనామా చేసిరి. పదవి కొరకు మాట మార్చువారు అనేకులు. మాట కొరకు పదవి నొదులువారు కొందరే.

తరువాత గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగ పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణింపగా, కొంతకాలము రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించి, పిదప రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగ ఎన్నికలలో నిలిచిరి. మొదటి లెక్కింపున ఎవరికిని కావలసిన ఓట్లు రాకపోగా, రెండవ ప్రాధాన్యపు ఓట్లతో ఆయన గెలిచిరి. ఆ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన పదవీ స్వీకారము చేసిరి.

ఆయన పదవీకాలము ముగియుటకు కొద్ది మాసముల ముందు, 1974 మే 8వ తేదీన, దేశమంతట రైల్వే కార్మికులు సమ్మెకు దిగిరి. ఆ సమ్మెను నడపిన నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ఒకనాడు గిరి స్థాపకులలో ఒకరైన రైల్వేమెన్ సమాఖ్యకే ఆయన ఆనాడు అధ్యక్షుడు. చర్చలు ఫలింపలేదు. ప్రభుత్వము వేలకొలది కార్మికులను నిర్బంధించినది. వారి కుటుంబములు పెక్కు కష్టములపాలైనవి. ఇరువది దినములకు కోర్కెలు నెరవేరకయే సమ్మె విరమింపబడినది. రాజ్యాంగమును బట్టి రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా ప్రకారము నడువవలసినవాడే. యౌవనమున డబ్లిన్ వీథులలో చూచిన చిత్రము ఆయన వార్ధక్యమున తన దేశముననే మరల కానవచ్చినది. ఇరువర్గములును ఎదురెదురుగ కూర్చుండి తగవు తీర్చుకొనవలెనని జీవితమంతయు బోధించిన మాట ఎంత అవసరమైనదో, దానిని ఆచరించుట ఎంత కష్టమో ఆ ఇరువది దినములు నిరూపించినవి.

1975లో భారత ప్రభుత్వము గిరిని భారతరత్న బిరుదముతో సత్కరించినది. 1980 జూన్ 24వ తేదీన మద్రాసు నగరమున ఆయన కీర్తిశేషులైరి. కార్మిక సమస్యలను పరిశోధించు జాతీయ సంస్థ నోయిడాలో ఆయన పేరు ధరించి యున్నది.

గిరి జీవితమున సమ్మెలు కలవు, చెరసాలలు కలవు, పదవులు కలవు. వానినన్నింటిని కలిపిన దారము ఒక్కటియే. బండి నడపువాడు తన శ్రమకు తగిన ఫలము కోరుట న్యాయము. ఆ బండి కొరకు ఎదురుచూచువాడు, అతడు రేవులోని కూలియైనను, ముసునూరు తోటలోని మామిడి రైతైనను, నష్టపోకుండుటయు న్యాయమే. ఈ రెండు న్యాయములకును పొత్తు కుదుర్చుటయే నాయకుని పని. దానికి కోపము చాలదు, ఓర్పు కావలెను. భయము పనికిరాదు, ధైర్యము కావలెను. పందొమ్మిదేండ్ల వయస్సున పరదేశమున నేర్చిన ఈ పాఠమును గిరి తుదివరకు మరువలేదు.